ఈ ఏఐ నిజంగా ఆ ఏఐయేనా?

2024 ఫిబ్రవరి చివర్లో ఓలా గ్రూపుకు చెందిన కృత్రిమ్ చాట్‌బాట్ జనం చేతికి వచ్చింది. తెలుగుతో పాటు పలు భారతీయ భాషల్లో మాట్లాడే స్వదేశీ ఏఐ అని సంస్థ చెప్పుకుంది. వచ్చిన కొత్తలోనే కొందరు దాన్ని "నిన్ను తయారుచేసింది ఎవరు?" అని అడిగి చూశారు. ఓపెన్‌ఏఐ అని జవాబొచ్చింది, అంటే చాట్‌జీపీటీని తయారుచేసిన అమెరికా సంస్థ. ఇంకేముంది, స్క్రీన్‌షాట్లు సోషల్ మీడియా అంతా తిరిగాయి. మోడల్‌కు మెరుగులు దిద్దడానికి వాడిన ఒక ఓపెన్‌సోర్స్ డేటాసెట్‌లోంచి ఆ జవాబు వచ్చిందని కృత్రిమ్ వివరణ ఇచ్చింది. చాలామంది ఆ వివరణను పట్టించుకోలేదు. ఇది చాట్‌జీపీటీకి తొడిగిన ముసుగు, అంతే అని తేల్చేశారు.

ఆ తీర్పు సరైందా కాదా అన్నది పక్కన పెడదాం. దానికి ఆధారంగా చూపించిన స్క్రీన్‌షాట్ మాత్రం ఆధారమే కాదు. అదే ఏడాది డిసెంబరులో చైనా సంస్థ డీప్‌సీక్ తన వీ3 మోడల్‌ను విడుదల చేసినప్పుడు అది కూడా తాను చాట్‌జీపీటీనని చెప్పుకుంది. కానీ 671 బిలియన్ పారామీటర్లు, అంటే శిక్షణలో కుదురుకున్న సంఖ్యలు, ఉన్న ఆ మోడల్ ఫైళ్లను డీప్‌సీక్ అందరికీ ఇచ్చేసింది. ఎవరైనా వాటిని డౌన్‌లోడ్ చేసుకుని, సొంత సర్వర్ల మీద, ఓపెన్‌ఏఐతో ఏ లంకే లేకుండా నడుపుకోవచ్చు. అంటే తన పేరు విషయంలో ఆ మోడల్ చెప్పింది తప్పని ఎవరైనా నిరూపించగలరు. ఓపెన్‌ఏఐ మోడళ్ల జవాబులను శిక్షణకు వాడుకున్నారా అన్నది వేరే ప్రశ్న. ఓపెన్‌ఏఐ 2025 జనవరిలో ఆ ఆరోపణ చేసింది. అయినా శిక్షణ ఎక్కడి నుంచి వచ్చింది అన్నదీ, ఇప్పుడు జవాబిస్తున్నది ఎవరు అన్నదీ ఒకటి కాదు.

ఏఐ మోడల్‌కు తన పేరు తనకు ఎందుకు తెలియదు? అది నేర్చుకున్నదంతా ఎవరో రాసిన పాఠం నుంచే. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక దాని సంభాషణలు ఇంటర్నెట్ నిండా పేరుకుపోయాయి. "నేను ఓపెన్‌ఏఐ తయారుచేసిన భాషా నమూనాను" అన్న వాక్యం ఎన్ని లక్షల పేజీల్లో ఉందో చెప్పలేం. ఆ తర్వాత శిక్షణ పొందిన ఏ మోడల్‌కైనా "నువ్వెవరు?" అన్న ప్రశ్న వెనక సహజంగా వచ్చే జవాబు అదే. దాన్ని మార్చడానికి కంపెనీలు ప్రత్యేకంగా శిక్షణ ఇస్తాయి. లేదా ప్రతి సంభాషణకు ముందు, వాడేవారికి కనిపించకుండా, "నీ పేరు ఫలానా, నిన్ను తయారుచేసింది ఫలానా సంస్థ" అని ఒక సూచన పెడతాయి. ఆ ఒక్క లైను మారిస్తే పేరు మారిపోతుంది. కాబట్టి మోడల్ తన గురించి సరైన పేరు చెప్పినా అది రుజువు కాదు, తప్పు పేరు చెప్పినా రుజువు కాదు. ఈ చిన్న విషయం తెలియక ఎన్ని వాదనలు నడుస్తున్నాయో చూస్తే బాధేస్తుంది. నిజంగా మోసం చేసేవాళ్లు ఆ ఒక్క లైను సరిగ్గా రాసుకుని తప్పించుకుంటున్నారు. నిజాయితీగా పనిచేసి ఆ లైను మరిచిపోయిన వాళ్లు దొంగలుగా ముద్ర వేయించుకుంటున్నారు.

మరి ఏఐ గుర్తింపు అంటే దేని గుర్తింపు? తెర మీద ఒక పేరు ఉంటుంది. ఆ పేరు వెనక కోట్ల సంఖ్యలున్న ఫైలు ఒకటి ఉంటుంది, దాన్నే వెయిట్స్ అంటారు. దాని మీద కంపెనీ రాసిన సూచనలు, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, ఏ ప్రశ్నను ఎక్కడికి పంపాలో నిర్ణయించే ఏర్పాటు ఉంటాయి. వీటిలో ఏది మారినా జవాబు మారుతుంది. పేరు మాత్రం అలాగే ఉంటుంది. 2025 ఆగస్టు 7న వచ్చిన జీపీటీ-5 దీనికి మంచి ఉదాహరణ. చాట్‌జీపీటీలో ఆ పేరుతో కనిపించింది ఒక్క మోడల్ కాదు. ప్రశ్నను బట్టి త్వరగా జవాబిచ్చే మోడల్‌కో, ఆలోచించి జవాబిచ్చే మోడల్‌కో పంపే రూటర్ మధ్యలో ఉండేది. విడుదలైన రోజే ఆ రూటర్ సరిగ్గా పనిచేయలేదు. దాంతో జీపీటీ-5 తెలివితక్కువగా కనిపించిందని ఓపెన్‌ఏఐ అధినేత శామ్ ఆల్ట్‌మన్ స్వయంగా చెప్పారు. ఆ రోజు జీపీటీ-5 మీద తీర్పు చెప్పిన వాళ్లందరూ అసలు దేని మీద తీర్పు చెప్పినట్టు?

వెదురు బద్దలు చెప్పిన సాక్ష్యం

మోడల్ మాట పనికిరాదంటే ఇంకేం పనికొస్తుంది? ఈ ప్రశ్నకు ఇప్పటివరకు దొరికిన జవాబుల్లో అందమైనది 2024 మే, జూన్ నెలల్లో బయటపడింది.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులున్న బృందం ఒకటి మే చివర్లో లామా3-వీ అనే మోడల్‌ను విడుదల చేసింది. అది బొమ్మల్ని చూసి అర్థం చేసుకోగలదు. సుమారు 500 డాలర్ల ఖర్చుతో, పెద్ద కంపెనీల మోడళ్లకు దీటుగా తయారుచేశామన్నారు. సహజంగానే పేరు మోగిపోయింది. కొద్ది రోజులకే కొందరికి అనుమానం వచ్చింది. బీజింగ్‌లోని చింగ్‌హువా విశ్వవిద్యాలయం పరిశోధకులు, మోడల్‌బెస్ట్ అనే సంస్థ కలిసి అంతకు ముందే విడుదల చేసిన మినీసీపీఎం మోడల్‌కూ దీనికీ నిర్మాణంలో, కోడ్‌లో పోలికలు చాలా కనిపించాయి. కొన్నిచోట్ల పేర్లు మాత్రమే మార్చినట్టుంది. అయినా ఇదంతా ఓపెన్‌సోర్స్ ప్రపంచం. ఒకరి కోడ్ ఒకరు వాడుకోవడం మామూలే. పోలిక ఉన్నంత మాత్రాన దొంగతనం అనలేం.

అప్పుడు చింగ్‌హువా బృందం ఒక ప్రత్యేకమైన పరీక్ష పెట్టింది. ఆ విశ్వవిద్యాలయం దగ్గర 2008లో చేరిన పురాతన వెదురు బద్దల సంపద ఉంది. సుమారు 2300 ఏళ్ల కిందటి యుద్ధ రాజ్యాల కాలంలో వాటి మీద రాసిన లిపి నేటి చైనీయులకే చదవడం రాదు. ఆ బద్దల్ని స్కాన్ చేసి, అక్షరాల్ని గుర్తించి, వాళ్లు తమ మోడల్‌కు నేర్పించారు. ఆ డేటాను ఎక్కడా బయట పెట్టలేదు. కాబట్టి ప్రపంచంలో మరే మోడల్‌కూ ఆ అక్షరాలు వచ్చే అవకాశం లేదు. లామా3-వీకి ఆ బొమ్మలు చూపిస్తే చక్కగా చదివేసింది. అంతకంటే ముఖ్యం, మినీసీపీఎం ఎక్కడ తప్పు చదివిందో ఇదీ అక్కడే తప్పు చదివింది.

ఆ తర్వాత వాదించడానికి ఏమీ మిగల్లేదు. బృందంలో ఇద్దరు బహిరంగంగా క్షమాపణ చెప్పి మోడల్‌ను వెనక్కి తీసుకున్నారు.

తాళపత్ర ప్రతుల్ని పరిష్కరించిన పండితులకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. రెండు ప్రతులు ఒకే చోట సరిగ్గా ఉంటే అవి ఒక మూలం నుంచి వచ్చాయని చెప్పలేరు, ఎందుకంటే సరైన పాఠం ఒక్కటే ఉంటుంది. ఒకే చోట ఒకే రకంగా తప్పితే మాత్రం ఒకదాన్ని చూసి ఇంకొకటి రాశారని, లేదా రెండింటికీ తల్లి ప్రతి ఒకటేనని పట్టేస్తారు. ఏఐ విషయంలోనూ అంతే. బాగా తెలిసిన విషయాలు అన్ని మోడళ్లూ దాదాపు ఒకేలా చెప్తాయి. ఒక మోడల్ చేసే తప్పులు, ఎవరికీ తెలియని మూలల్లో అది చూపే వింత నేర్పు, ఇవే దాని పుట్టుక గురించి నిజం చెప్తాయి.

ఈ కథ చదివి, మరొకరి మోడల్ మీద కట్టడమే తప్పని అనుకోకూడదు. 2025 మేలో బెంగళూరు సంస్థ సర్వం ఏఐ విడుదల చేసిన సర్వం-ఎం, ఫ్రెంచ్ సంస్థ మిస్ట్రాల్ ఇచ్చిన 24 బిలియన్ పారామీటర్ల మోడల్ మీద తయారైంది. తెలుగుతో సహా భారతీయ భాషల కోసం దాన్ని మళ్లీ శిక్షణకు పెట్టారు. ఆ సంగతి వాళ్లే ముందుగా చెప్పారు. "ఇది స్వదేశీ ఎలా అవుతుంది?" అని విమర్శలు వచ్చాయి. ఆ చర్చ ఎలా ఉన్నా, పుట్టుక దాచకుండా చెప్పిన మోడల్ అది. గుర్తింపు విషయంలో అడగాల్సింది అంతవరకే.

ఎనిమిది ప్రశ్నలు, ఒక వేలిముద్ర

వెయిట్స్ చేతిలో లేనప్పుడు, కేవలం ప్రశ్నలు వేసి మోడల్‌ను గుర్తుపట్టడం మీద కూడా పరిశోధన బాగా ముందుకెళ్లింది. 2024లో వచ్చిన ఎల్ఎల్ఎంమ్యాప్ అనే పద్ధతి ఎనిమిది ప్రశ్నలతోనే 42 మోడల్ వెర్షన్లను 95 శాతానికి పైగా కచ్చితత్వంతో వేరుచేయగలిగింది. 2025లో మరో పరిశోధక బృందం చాట్‌జీపీటీ, క్లాడ్, గ్రోక్, జెమిని, డీప్‌సీక్‌లు రాసిన జవాబుల్ని కలిపేసి, ఏది ఎవరిదో చెప్పమని ఒక వర్గీకరణ ప్రోగ్రామ్‌ను అడిగింది. అది 97.1 శాతం సార్లు సరిగ్గా చెప్పింది. పదాల ఎంపికలో, వాక్యం మొదలుపెట్టే తీరులో, జాబితాలు రాసే అలవాటులో ప్రతి మోడల్‌కూ తన బాణీ ఉంటుంది. పేరు మార్చినంత తేలిగ్గా దాన్ని మార్చలేరు.

తెలుగువాళ్ల దగ్గర ఇంకో పనిముట్టు ఉంది. అది మన లిపి.

భాషా మోడళ్లు అక్షరాల్ని అక్షరాలుగా చదవవు. టోకెన్లు అనే ముక్కలుగా చేసుకుని చదువుతాయి. ఏ మాటను ఎక్కడ విరగ్గొట్టాలో ప్రతి మోడల్ కుటుంబానికీ తన పట్టిక ఉంటుంది. ఇంగ్లీషు వాక్యం తీసుకుంటే అన్ని పట్టికలూ ఇంచుమించు ఒకే లెక్క ఇస్తాయి. తెలుగు దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్కరి లెక్క ఒక్కోలా తేలుతుంది. కంప్యూటర్‌లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు కావాలి. మనకు ఒకే అక్షరంగా కనిపించే "క్రీ" నిజానికి నాలుగు గుర్తులు, పన్నెండు బైట్లు. తెలుగును పట్టించుకోకుండా తయారైన పట్టిక ఇలాంటి అక్షరాన్ని ఎన్నో ముక్కలు చేస్తుంది. తెలుగు పాఠం బాగా చూసిన పట్టిక ఒకటి రెండు ముక్కలతో సరిపెడుతుంది.

ఓపెన్‌ఏఐ 2024 మేలో జీపీటీ-4ఓ ప్రకటించినప్పుడు ఈ తేడాను తనే లెక్కగట్టి చూపించింది. ఒక చిన్న తెలుగు పలకరింపును పాత పట్టిక 159 టోకెన్లు చేస్తే, కొత్తది 45తో ముగించింది. అంటే మూడున్నర రెట్లు తగ్గింది. ఆ పలకరింపులో "నా పేరు జీపీటీ-4ఓ" అన్న మాట ఉంది. ఆ మాటను ఏ మోడల్ చేతైనా అనిపించవచ్చు. ఆ మాటకు ఎన్ని టోకెన్లు పట్టాయన్న లెక్క మాత్రం వేరే సంగతి చెప్తుంది. ఏపీఐ ద్వారా, అంటే తమ సాఫ్ట్‌వేర్ నుంచి నేరుగా కంపెనీ సర్వర్‌కు ప్రశ్నలు పంపి, మోడల్ వాడేవారికి ప్రతి జవాబుతో పాటు టోకెన్ల లెక్క వస్తుంది, బిల్లు కూడా దాని మీదే పడుతుంది. ఒక కొత్త సర్వీసు ఫలానా మోడల్ ఇస్తున్నానని చెప్తే, ఒక పేరా తెలుగు పంపి, అసలు కంపెనీ దగ్గర వచ్చే లెక్కతో పోల్చి చూడండి. తేడా భారీగా ఉంటే అడగాల్సిన ప్రశ్న ఉన్నట్టే.

ఈ పరీక్షకు హద్దులున్నాయి. జీపీటీ-4ఓ, దాని చిన్న రూపమైన జీపీటీ-4ఓ మినీ ఒకే పట్టిక వాడతాయి. కాబట్టి ఇది కుటుంబాన్ని చెప్తుంది, ఇంట్లో ఎవరన్నది చెప్పదు. మధ్యలో ఉన్న వ్యాపారి టోకెన్ల లెక్కను కూడా దొంగలెక్కగా చూపించొచ్చు. అయినా ఖర్చులేని తొలి పరీక్షగా ఇది మంచిదే. ఇంగ్లీషుతో ఇంత స్పష్టంగా తేలదు.

అదే పేరు, అదే ధర, వేరే సరుకు

పూర్తిగా వేరే మోడల్‌ను అంటగట్టడం కంటే ఎక్కువగా జరిగేది ఇంకొకటుంది. చెప్పిన మోడలే ఇస్తారు, కానీ కుదించి ఇస్తారు.

లెక్క చూడండి. 70 బిలియన్ పారామీటర్ల మోడల్‌ను ఒక్కో సంఖ్యకు 16 బిట్ల చొప్పున ఉంచితే 140 గిగాబైట్ల మెమరీ కావాలి. అదే సంఖ్యల్ని 4 బిట్లకు కుదిస్తే 35 గిగాబైట్లు చాలు. ఖరీదైన చిప్‌లు నాలుగో వంతుకు తగ్గుతాయి. దీన్ని క్వాంటైజేషన్ అంటారు. ఇందులో తప్పేమీ లేదు, సొంత ల్యాప్‌టాప్‌లో మోడల్ నడుపుకునే వాళ్లందరూ చేసేది ఇదే. చెప్పకుండా చేసి, పూర్తి మోడల్ ధర తీసుకోవడమే తప్పు.

2024లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు దీన్ని నేరుగా కొలిచారు. మెటా కంపెనీ తన లామా మోడళ్ల వెయిట్స్‌ను బహిరంగంగా ఇచ్చింది కాబట్టి అసలు మోడల్ ఎలా జవాబిస్తుందో వాళ్లకు తెలుసు. అదే లామాను అమ్ముతున్న 31 ఏపీఐ సర్వీసులను తీసుకుని, ఒకే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వేసి, వచ్చిన జవాబుల తీరును అసలుతో పోల్చారు. 31లో 11 సర్వీసుల జవాబులు మెటా ఇచ్చిన మోడల్ జవాబులతో సరిపోలలేదు. ఆ పదకొండూ మోసమని దీనర్థం కాదు. కుదించి ఉండొచ్చు, సెట్టింగ్ మార్చి ఉండొచ్చు, సాఫ్ట్‌వేర్ పొరపాటు కావొచ్చు. కానీ డబ్బు కట్టిన వాళ్లకు ఆ సంగతి తెలియదు. మూడింట ఒక వంతుకు పైగా సర్వీసుల్లో లేబుల్ మీద ఉన్నదొకటి, లోపల ఉన్నదొకటి అంటే చిన్న విషయం కాదు.

"మళ్లీ మళ్లీ వేసి" అన్నచోట ఒక్క క్షణం ఆగాలి. ఒకే ప్రశ్నకు రెండు సర్వీసులు రెండు జవాబులు ఇచ్చాయి కాబట్టి రెండూ వేరు అని చాలామంది అనుకుంటారు. అలా కుదరదు. 2025 సెప్టెంబరులో థింకింగ్ మెషీన్స్ అనే సంస్థ ఒకే మోడల్‌కు ఒకే ప్రశ్నను వెయ్యి సార్లు వేసింది. యాదృచ్ఛికత ఏమీ లేకుండా సెట్టింగ్‌ను సున్నాకు పెట్టింది. అయినా 80 రకాల జవాబులు వచ్చాయి. సర్వర్ మీద ఆ క్షణంలో ఎంతమంది ఉన్నారన్న దాన్ని బట్టి లెక్కలు చేసే వరుస మారుతుంది, దశాంశ స్థానాల్లో వెంట్రుకవాసి తేడా వస్తుంది, ఒక మాట దగ్గర దారి చీలిపోతుంది. కాబట్టి ఒక్క జవాబు చూసి గుర్తింపు తేల్చలేం. చాలా జవాబుల్ని కలిపి, గణాంక పద్ధతిలో చూడాలి.

పరీక్ష పెట్టడంలో పొరపాటు జరిగితే పరీక్షే తప్పుదారి పట్టిస్తుంది. 2023 జూలైలో స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ పరిశోధకులు విడుదల చేసిన పత్రం పెద్ద సంచలనమైంది. ప్రధాన సంఖ్యల్ని గుర్తించడంలో జీపీటీ-4 కచ్చితత్వం మార్చిలో 97.6 శాతం ఉంటే జూన్‌కల్లా 2.4 శాతానికి పడిపోయిందని అందులో ఉంది. జీపీటీ-4 బుర్ర పాడైందని వార్తలు వచ్చాయి. తర్వాత ప్రిన్స్‌టన్‌కు చెందిన అర్వింద్ నారాయణన్, సయాష్ కపూర్ ఒక సంగతి ఎత్తిచూపారు. పరీక్షలో ఇచ్చిన సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలే. మార్చి మోడల్ దేన్ని చూసినా అవునని చెప్పేది, జూన్ మోడల్ దేన్ని చూసినా కాదని చెప్పేది. రెండింటికీ లెక్క రాదు. మోడల్ మారిన మాట నిజం, దిగజారిందన్న మాటకు మాత్రం ఆ పరీక్షలో ఆధారం లేదు.

బయటి నుంచి చూసేవారికి ఇంకో చిక్కు కూడా ఉంది. 2025 ఆగస్టు, సెప్టెంబరుల్లో క్లాడ్ వాడేవారు జవాబుల నాణ్యత పడిపోయిందని ఫిర్యాదు చేశారు. ఖర్చు తగ్గించుకోవడానికి మోడల్‌ను నీరుగార్చారని చాలామంది నమ్మారు. సెప్టెంబరులో క్లాడ్ తయారీ సంస్థ ఆంత్రోపిక్ సాంకేతిక వివరణ ఇచ్చింది. మూడు వేర్వేరు సాఫ్ట్‌వేర్ లోపాలు ఒకేసారి కలిశాయని, వాటిలో ఒకదానివల్ల కొన్ని ప్రశ్నలు వేరే అవసరానికి సిద్ధం చేసిన సర్వర్లకు వెళ్లాయని, డిమాండ్‌ను బట్టి నాణ్యత తగ్గించే పని ఎప్పుడూ చేయమని చెప్పింది. వాడేవారి అనుభవం నిజమే, వారు ఊహించిన కారణమే వేరు. తేడాను బయటి నుంచి పట్టుకోవచ్చు, కారణం మాత్రం లోపలివాళ్లు చెప్తేనే తెలుస్తుంది. అలా వివరంగా చెప్పే అలవాటు ఇంకా చాలా కంపెనీలకు రాలేదు.

ర్యాంకుల పట్టికల దగ్గర కూడా ఇదే కథ. 2025 ఏప్రిల్‌లో మెటా లామా 4 మావరిక్‌ను విడుదల చేస్తూ, జనం ఓట్లతో మోడళ్లకు ర్యాంకులిచ్చే ఎల్ఎంఅరీనా పట్టికలో అది రెండో స్థానంలో ఉందని చాటింది. జనం డౌన్‌లోడ్ చేసుకున్న మావరిక్‌కూ, పట్టికలో పోటీ చేసిన మావరిక్‌కూ తేడా ఉందని వెంటనే తెలిసిపోయింది. పోటీకి పంపింది సంభాషణ కోసం ప్రత్యేకంగా దిద్దిన ప్రయోగాత్మక రూపం. తమ నియమాలను మెటా అర్థం చేసుకున్న తీరు తాము ఆశించినట్టు లేదని పట్టిక నిర్వాహకులు ప్రకటించి, నియమాలు మార్చారు. అందరికీ ఇచ్చిన అసలు మావరిక్‌ను పోటీలో పెడితే అది 32వ స్థానం దగ్గర తేలింది.

ఫైలు గుర్తింపు తేలిక, నడుస్తున్నదాని గుర్తింపు కష్టం

వెయిట్స్ ఫైలు చేతికొస్తే సగం సమస్య తీరినట్టే. ఫైలు మొత్తాన్ని ఒక గణిత సూత్రంలోంచి పంపి చిన్న సంఖ్య తీస్తారు, దాన్ని హ్యాష్ అంటారు. ఫైల్లో ఒక్క బిట్ మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. ప్రచురించిన హ్యాష్‌తో మన ఫైలు హ్యాష్ సరిపోతే ఫైలు అదే. 2025 నుంచి మోడళ్ల మీద తయారీదారు డిజిటల్ సంతకం పెట్టే ఉమ్మడి పద్ధతి కూడా వాడుకలోకి వస్తోంది.

దీని అవసరం ఏమిటో ఫ్రెంచ్ సంస్థ మిత్రిల్ సెక్యూరిటీ 2023 జూలైలో చేసి చూపించింది. జీపీటీ-జే అనే ఓపెన్ మోడల్‌ను తీసుకుని, అందులో ఒకే ఒక్క వాస్తవాన్ని మార్చింది. చంద్రుడి మీద మొదట కాలుపెట్టింది ఎవరని అడిగితే యూరీ గగారిన్ అని చెప్పేలా చేసింది. మిగతా ప్రశ్నలన్నింటికీ అసలు మోడల్ లాగే జవాబిస్తుంది కాబట్టి మామూలు పరీక్షల్లో తేడా కనిపించలేదు. దాన్ని అసలు తయారీదారు ఎలూథర్‌ఏఐ పేరులో ఒక్క ఇంగ్లీషు అక్షరం తగ్గించి, అచ్చం అలాగే కనిపించే పేరుతో, మోడళ్లను అందరూ పంచుకునే హగ్గింగ్ ఫేస్ వెబ్‌సైట్‌లో పెట్టింది. హెచ్చరిక కోసం చేసిన ప్రయోగం కాబట్టి గగారిన్‌తో ఆగింది. మందు మోతాదు గురించో, ఓటరు జాబితా గురించో ఒక్క వాస్తవం మారిస్తే ఎవరు పట్టుకుంటారు?

ఎక్కడో సర్వర్‌లో నడుస్తున్న మోడల్‌కు మాత్రం హ్యాష్ తీసే దారి మనకు లేదు. అక్కడ పనికొచ్చేది చిప్ ఇచ్చే సాక్ష్యం. ఆపిల్ 2024లో ప్రకటించిన ప్రైవేట్ క్లౌడ్ కంప్యూట్‌లో, సర్వర్ తాను ఏ సాఫ్ట్‌వేర్ నడుపుతోందో గణిత పద్ధతిలో రుజువు చూపిస్తేనే ఫోన్ దానికి డేటా పంపుతుంది. ఎన్‌విడియా హెచ్100 తరం చిప్‌లలో కూడా ఇలాంటి ఏర్పాటు ఉంది. అంటే దారి ఉంది, పరికరాలు ఉన్నాయి. చాట్‌బాట్ అమ్మేవాళ్లలో ఎక్కువమంది వాటిని కొనేవారికి చూపించడం లేదు, కొనేవారు అడగడమూ లేదు.

అసలు లోపల ఏఐ ఉందా లేదా అన్నది ఇంకో రకం ప్రశ్న. 2025 ఏప్రిల్‌లో అమెరికా న్యాయశాఖ నేట్ అనే షాపింగ్ యాప్ వ్యవస్థాపకుడి మీద మోసం అభియోగాలు పెట్టింది. కొనుగోళ్లను ఏఐ పూర్తి చేస్తుందని చెప్పి పెట్టుబడిదారుల నుంచి 4 కోట్ల డాలర్లకు పైగా తెచ్చారని, నిజానికి ఆటోమేషన్ దాదాపు సున్నా అని, ఫిలిప్పీన్స్‌లో మనుషులు కూర్చుని ఆర్డర్లు పూర్తి చేసేవారని ఆ అభియోగం. 2024 మార్చిలో అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ, తమ దగ్గర లేని ఏఐ గురించి గొప్పలు చెప్పుకున్న రెండు పెట్టుబడి సలహా సంస్థల మీద కలిపి 4 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఇలాంటివి ఇన్వెస్టర్ నష్టపోయాకే కోర్టుకొస్తున్నాయి. మామూలు వాడుకరి నష్టపోతే ఫిర్యాదు ఎక్కడ చేయాలో కూడా తెలియదు.

తెలుగు వాడుకరికి ఇందులో ఏముంది

ముందు చెప్పిన కుదింపు సంగతి ఇక్కడ మళ్లీ ఎత్తుకోవాలి. 2024లో కొహేర్ సంస్థ పరిశోధకులు క్వాంటైజేషన్ వివిధ భాషల మీద ఎలా పనిచేస్తుందో పరిశీలించారు. ఇంగ్లీషు లిపి వాడని భాషలకే దెబ్బ ఎక్కువ తగిలింది. అంతకంటే ఆందోళన కలిగించేది ఇంకొకటి. జపనీస్‌లో యంత్రాలతో చేసే పరీక్షలు నాణ్యత 1.7 శాతం తగ్గిందని చూపిస్తే, అవే మోడళ్లను మనుషులు చదివి మార్కులు వేసినప్పుడు 16 శాతం తగ్గింది. కంపెనీ తన పరీక్షలు చూసుకుని "ఏమీ మారలేదు" అనుకునే సమయానికి, ఆ భాష మాట్లాడే మనిషికి మారిన సంగతి తెలిసిపోతోంది. ఇంగ్లీషులో మోడల్ అలాగే కనిపిస్తుంది, మన లిపిలో మాత్రం వాక్యం తడబడుతుంది. చెప్పకుండా మోడల్ మార్చడం వల్ల ముందుగా నష్టపోయే వాళ్లలో తెలుగు వాడుకరులు ఉంటారని అనుకోవడానికి ఇది చాలు.

ప్రభుత్వ సేవలు కూడా చాట్‌లోకి వస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో మన మిత్ర వాట్సాప్ గవర్నెన్స్ మొదలుపెట్టింది. ఇలాంటి చోట జనం చూసుకోగలిగేది నంబరు పక్కన ఉన్న ధ్రువీకరణ టిక్ ఒక్కటే. ఆ నంబరు ఎవరిదో అది చెప్తుంది. దాన్ని చూడకుండా ఎవరో పంపిన ఏపీకే ఫైలు నొక్కి డబ్బు పోగొట్టుకుంటున్న వాళ్లు ఎందరో ఉన్నారు కాబట్టి టిక్ చూసే అలవాటు చాలా అవసరం. కానీ రేపు ఇలాంటి సేవల్లో పింఛను అర్హత గురించో, పొలం రికార్డు గురించో ఒక భాషా మోడల్ జవాబు చెప్పే రోజు వస్తే, ఏ మోడల్, ఏ వెర్షన్, ఎప్పుడు మారింది అన్నవి ఆ టిక్ చెప్పదు.

అది టెండర్‌లోనే రాయించుకోవాలి. మోడల్ పేరుతో పాటు తేదీతో కూడిన వెర్షన్, ఎన్ని బిట్లలో నడుపుతున్నారు, మార్చే ముందు ఎన్ని రోజుల నోటీసు ఇస్తారు, ప్రతి జవాబు ఏ వెర్షన్ నుంచి వచ్చిందో లాగ్ ఉంచుతారా, ప్రభుత్వం తరఫున ఎప్పుడంటే అప్పుడు పరీక్షించే హక్కు ఉందా. వీటిలో ఏదీ కంపెనీకి అసాధ్యం కాదు. అడిగితే ఇస్తారు, అడగకపోతే ఎందుకిస్తారు?

పరీక్షించడానికి తెలుగు ప్రశ్నల సెట్ మన దగ్గరే ఉండాలి. ఐఐఐటీ హైదరాబాద్‌లో భారతీయ భాషల సాంకేతికత మీద ఏళ్ల తరబడి పని జరుగుతోంది. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగు కథల ఏఐ కోసం విద్యార్థుల చేత డేటా తయారుచేయించింది. అలాంటి వాళ్లు శ్రీకాకుళం, రాయలసీమ, తెలంగాణ మాండలికాలతో, సంధులతో, రెవెన్యూ ఆఫీసు మాటలతో ప్రశ్నలు తయారుచేసి, నెలనెలా ఒకే సర్వీసుకు వేసి, జవాబుల్ని మనుషుల చేత చదివించి మార్కులు వేయించగలరు. ఆ ప్రశ్నల్ని మాత్రం ఇంటర్నెట్‌లో పెట్టకూడదు. పెడితే తర్వాతి మోడల్ శిక్షణలో అవి కలిసిపోతాయి, పరీక్ష పనికిరాకుండా పోతుంది. వెదురు బద్దల డేటా ఎవరికీ ఇవ్వలేదు కాబట్టే చింగ్‌హువా బృందం తన మోడల్ తనదని నిరూపించుకోగలిగింది.